శిబిరంలో ఉన్నవాళ్ల మనసులకు ఆసరా ఎలా ఇవ్వాలి

వరద రానీ, భూకంపం రానీ, ఊరికి ఊరే కాలిపోనీ, రెండో రోజుకల్లా ఎవరో ఒకరు అంటారు: "వీళ్లకి అర్జెంటుగా కౌన్సెలింగ్ కావాలి." ఉద్దేశం మంచిదే. కానీ ఆ మనిషి ఒంటిమీద తడిబట్టలు ఇంకా ఆరలేదు. కూతురు ఏ శిబిరంలో ఉందో తెలియదు. రాత్రి మరుగుదొడ్డికి వెళ్లాలంటే దారిలో దీపం లేదు. ఆయనకు ముందు కావలసింది కౌన్సెలర్ కాదు. కూతురి ఆచూకీ, పొడిబట్ట, ఒక దీపం. మనసుకు సాయం అక్కడి నుంచే మొదలవుతుంది.

ఇది మానసిక వైద్యుల కోసం రాసింది కాదు. శిబిరంలో పనిచేయడానికి వెళ్లే వాలంటీర్లు, టీచర్లు, ఆరోగ్య కార్యకర్తలు, యువజన సంఘాల వాళ్ల కోసం. అంటే, చదువు ఏదైనా సరే, నలుగురితో మాట కలపగలిగిన వాళ్ల కోసం.

1. పని ఎక్కడుందో ముందు తెలుసుకోండి

ఐక్యరాజ్యసమితి సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు కలిసి పనిచేసే ఇంటర్ ఏజెన్సీ స్టాండింగ్ కమిటీ 2007లో ఈ విషయం మీద మార్గదర్శకాలు విడుదల చేసింది. ఇవాళ్టికీ ఈ రంగంలో అందరూ వాటినే ముందు పెట్టుకుంటారు. అందులో సాయాన్ని నాలుగు అంతస్తుల పిరమిడ్‌గా చూపించారు. అన్నిటికన్నా అడుగున, అందరికీ కావలసినవి: భద్రత, నీరు, తిండి, నీడ, వైద్యం. వీటిని మనిషి గౌరవం పోకుండా అందించాలి. దానిపైన కుటుంబం, ఇరుగుపొరుగు, బడి, ప్రార్థన లాంటి బంధాలను మళ్లీ నిలబెట్టడం. మూడో అంతస్తులో, ఇంకా కోలుకోలేని కొందరికి శిక్షణ పొందిన కార్యకర్త ఇచ్చే ప్రత్యేక సాయం. కొన మీద, చాలా కొద్దిమందికి, మానసిక వైద్యం.

ఆ కొద్దిమంది ఎంతమంది? యుద్ధాలు, సాయుధ ఘర్షణలు చవిచూసిన ప్రాంతాల లెక్కలు తీసి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఒక అంచనా చెప్పింది. అక్కడ ఏ సమయంలో చూసినా దాదాపు 22 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉంటుంది. తీవ్రమైనది 5 శాతం మందికి. ఇవి చిన్న అంకెలు కావు. అయితే మిగతావాళ్లకు బాధ లేదని కాదు. బాధ దాదాపు అందరికీ ఉంటుంది, జబ్బు మాత్రం అందరికీ రాదు. నిద్ర పట్టకపోవడం, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం, కోపం, ఏడుపు, అసలు ఏడుపే రాకపోవడం, తిండి సయించకపోవడం మొదటి వారాల్లో సహజం. కాస్త కుదురు, తనవాళ్లు, చేతికి పని దొరికితే ఎక్కువమంది కోలుకుంటారు. కాబట్టి మొదటి వారంలో ఎవరికీ "డిప్రెషన్", "ట్రామా" అని పేర్లు తగిలించకండి. పీటీఎస్‌డీ, అంటే ఘోరమైన అనుభవం తర్వాత కొందరిని పట్టి పీడించే మానసిక జబ్బు, అని డాక్టర్లు నిర్ధారించాలన్నా లక్షణాలు నెలకు పైగా ఉండాలి.

2. వెళ్లేముందు

ఒంటరిగా వెళ్లకండి, పిలవకుండా వెళ్లకండి. శిబిరం బాధ్యులెవరో కనుక్కుని, వాళ్లకు చెప్పి, వాళ్లు అప్పగించిన పని చేయండి. మీ ఇంట్లో ఈమధ్యే చావు జరిగి ఉంటే, లేదా మీకే నిద్ర సరిగా పట్టని రోజులైతే, మనుషులతో మాట్లాడే పని కాక సామాన్ల గది పని అడిగి తీసుకోండి. అదీ సేవే.

చేతిలో ఒక నోట్‌బుక్ ఉంచుకోండి. వైద్యులు ఏ గదిలో, ఎన్నింటి నుంచి ఉంటారు. తప్పిపోయినవాళ్ల పేర్లు ఎక్కడ రాస్తున్నారు. పోయిన గుర్తింపు కాగితాల గురించి ఎవరిని అడగాలి. ఆడవాళ్లు వెళ్లి మాట్లాడగలిగిన మహిళా అధికారి ఎవరు. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరెంత. మొదటి పేజీ ఇదీ. రోజూ పొద్దున్నే వెళ్లి సరిచూసుకోండి, ఎందుకంటే శిబిరంలో నిన్నటి సమాచారం ఇవాళ్టికి తప్పయి ఉంటుంది. నా దృష్టిలో ఈ పేజీ చేసే మేలులో సగం కూడా ఓదార్పు మాటలు చేయవు.

ఫోన్ కెమెరా బయటికి తీయకండి. ఏడుస్తున్న మనిషి ఫోటోకి ఏ కారణమూ సరిపోదు.

3. కంటికి కనిపించే వాటిని ముందు సరిచేయండి

శిబిరం చుట్టూ ఒకసారి నడవండి. బట్టలు మార్చుకోవడానికి చాటు ఉందా? మరుగుదొడ్లకు లోపలి గడియ, దారిలో వెలుతురు ఉన్నాయా? ఒకే కుటుంబాన్ని రెండు గదులకు విడదీశారా? వరసలో ముసలివాళ్లు ఎంతసేపు నిలబడుతున్నారు? చూడలేని, వినలేని, నడవలేని వాళ్లకు సమాచారం చేరుతోందా? మీరు సరిచేయగలిగింది సరిచేయండి, మిగతాది బాధ్యులకు చెప్పండి. ఒక గుడ్డ తెర కట్టించడం కూడా మానసిక ఆరోగ్యం పనే.

ఇచ్చే తీరు కూడా చూసుకోవాలి. పొట్లాలు విసరడం, పేరు పెట్టి పిలవకుండా "ఏయ్, నువ్వు" అనడం, ప్రతి గిన్నెకూ ఫోటో దిగడం సర్వం పోగొట్టుకున్న మనిషికి మిగిలిన పరువును కూడా లాగేసుకుంటాయి. పంచే పనిలో శిబిరంలోని వాళ్లనే పెట్టండి. నిన్నటిదాకా ఇల్లు నడిపిన మనిషి ఇవాళ చేయి చాచి నిలబడటం కన్నా, నలుగురికి వడ్డిస్తూ ఉండటం ఆ మనిషికే మందు.

4. మాట కలపడం

ప్రపంచ ఆరోగ్య సంస్థ, వార్ ట్రామా ఫౌండేషన్, వరల్డ్ విజన్ కలిసి 2011లో తెచ్చిన మానసిక ప్రథమ చికిత్స పుస్తకం మూడే మాటలు చెబుతుంది: చూడండి, వినండి, కలపండి. అంటే ఎవరికి సాయం కావాలో గమనించడం, వాళ్ల మాట వినడం, వాళ్లను సాయంతోనూ తమవాళ్లతోనూ కలపడం.

చూసేటప్పుడు గట్టిగా ఏడ్చేవాళ్ల మీదికే కళ్లు పోతాయి. గోడకు ఆనుకుని, పలకరించినా చూపు తిప్పని మనిషిని కూడా చూడండి. తోడులేని పిల్లలు, ఒంటరి వృద్ధులు, గర్భిణులు, మాటిమాటికీ గేటు దాకా వెళ్లొస్తున్న తండ్రి, వీళ్ల దగ్గరికి ముందు వెళ్లండి.

దగ్గరికి వెళ్లాక నిలబడి మాట్లాడకండి. వాళ్లు నేల మీద కూర్చుంటే మీరూ కూర్చోండి, మరీ ఎదురుగా కాక కాస్త పక్కగా. పేరు చెప్పండి, ఎవరి తరఫున వచ్చారో చెప్పండి. "అమ్మా, నేను ఈ శిబిరంలో సాయం చేస్తున్నాను. కాసేపు ఇక్కడ కూర్చోవచ్చా?" వద్దంటే, "సరేనమ్మా, నేను ఆ బల్ల దగ్గరే ఉంటాను" అని లేవండి. వద్దనే హక్కు వాళ్లకు మిగిలిన కొద్ది హక్కుల్లో ఒకటి.

మొదటి ప్రశ్న "ఏం జరిగింది?" కాకూడదు. "ఇప్పుడు మీకు అన్నిటికన్నా ముందు ఏం కావాలి?" అని అడగండి. జవాబు చాలాసార్లు మీరు ఊహించనిది వస్తుంది. కళ్లజోడు, ఫోన్ ఛార్జరు, బీపీ మాత్ర, తప్పిపోయిన కుక్క. ఏదైనా తేలిగ్గా తీసుకోకండి. ఆ చిన్న పని చేసిపెట్టాకే చాలామంది నోరు విప్పుతారు.

వింటున్నప్పుడు మన నోటి నుంచి అలవాటుగా జారిపడే మాటలు కొన్ని ఉన్నాయి. "ఏడవకండి", "ధైర్యంగా ఉండాలి", "నయం, మీరైనా మిగిలారు", "పక్కూరి వాళ్లతో చూస్తే మీకు పోయింది తక్కువే", "అంతా దేవుడి లీల", "మీ బాధ నాకు అర్థమైంది." ఇవి వినేవాళ్ల కోసం పుట్టిన మాటలు కావు. ఎదుటివాళ్ల ఏడుపు చూడలేక మనకోసం మనం చెప్పుకునేవి. దేవుడి ప్రస్తావన వాళ్లు తెస్తే వినండి, మీరు తేవద్దు. వాటి బదులు: "చాలా కష్టం వచ్చింది మీకు." "ఏడవండి, నేనిక్కడే ఉన్నాను." "తొందరేం లేదు." అంతకన్నా ఏమీ తోచకపోతే మౌనంగా కూర్చోండి, సరిపోతుంది. అబద్ధపు ఆశ మాత్రం పెట్టకండి. "మీ అబ్బాయి తప్పకుండా దొరుకుతాడు" అనే అధికారం మీకు లేదు. "పేరు రాయించారా? రండి, కలిసి వెళ్లి రాయిద్దాం" అనగలరు.

భుజం మీద చేయి వేయడం కొందరికి ఊరట, కొందరికి ఇబ్బంది. వాళ్లే చేయి పట్టుకుంటే ఉంచండి, ముందుగా మీరు వేయకండి.

5. వణికిపోతున్న మనిషిని కుదుటపరచడం

శ్వాస ఎగబోస్తూ, ఎక్కడున్నారో తెలియనట్టు ఉన్న మనిషికి సలహాలు తలకెక్కవు. ముందు గుంపు నుంచి కాస్త పక్కకు తీసుకెళ్లండి. గొంతు తగ్గించి, నెమ్మదిగా, చిన్న వాక్యాల్లో మాట్లాడండి. రెండు పాదాలూ నేలకు ఆనించమనండి. వేళ్లతో ఒళ్లో మెల్లగా తట్టుకోమనండి. చుట్టూ కనిపించేవి, వినిపించేవి, భయం పుట్టించనివి, కొన్నింటి పేర్లు చెప్పమనండి. తర్వాత ఊపిరి: మీరు నెమ్మదిగా వదిలి చూపిస్తే వాళ్లు అనుసరిస్తారు. పీల్చడం కన్నా వదలడం నిదానంగా సాగాలి. కొన్ని నిమిషాల్లో కుదుటపడకపోతే, మాట తడబడుతుంటే, గుండె నొప్పి అంటుంటే డాక్టరును పిలవండి. తలకు తగిలిన దెబ్బ, ఒంట్లో నీరు తగ్గడం, రక్తంలో చక్కెర పడిపోవడం కూడా పైకి "షాక్" లాగే కనిపిస్తాయి.

6. జరిగింది చెప్పమని తవ్వకండి

ఇదొక్కటి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మంచి మనసున్నవాళ్లే ఇక్కడ ఎక్కువ తప్పు చేస్తారు. "లోపల దాచుకుంటే విషమవుతుంది, కక్కేయాలి" అనే నమ్మకం మనలో బలంగా ఉంది. 1980ల్లో అగ్నిమాపక, అంబులెన్స్ సిబ్బంది కోసం ఒక పద్ధతి పుట్టింది: ఘటన జరిగిన కొద్దిరోజుల్లోనే అందర్నీ కూర్చోబెట్టి, ఏం చూశారో, ఏమనిపించిందో వరసగా చెప్పించడం. దాన్ని డీబ్రీఫింగ్ అన్నారు. తర్వాత విపత్తుల్లో చిక్కుకున్న మామూలు జనం మీదా దాన్ని వాడారు. 2002లో కాక్రేన్ అనే వైద్య పరిశోధనల సమీక్షా సంస్థ అప్పటికి వచ్చిన అధ్యయనాలన్నీ పరిశీలించి, ఒక్క విడతలో ఇలా చెప్పించడం వల్ల తర్వాతి కాలంలో పీటీఎస్‌డీ రాకుండా ఆగుతుందనడానికి ఆధారం లేదని తేల్చింది. కొందరికి కీడు జరిగిన సూచనలూ కనిపించాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దీన్ని వద్దంటోంది.

దానర్థం ఎవరినీ మాట్లాడనివ్వొద్దని కాదు. చెప్పాలనిపించి చెబుతుంటే గంటసేపైనా వినండి. "తర్వాత ఏమైంది? నీళ్లు ఎంతదాకా వచ్చాయి? అప్పుడు పాప ఎక్కడుంది?" అని మీరు లాగకండి, అంతే. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. పొద్దున ఒక సంస్థ, మధ్యాహ్నం ఒక విలేకరి, సాయంత్రం ఇంకో సంస్థ వచ్చి అదే కథ చెప్పిస్తే ఆ మనిషి ఒకే రోజులో మూడుసార్లు మునిగినట్టే.

నిద్రమాత్రల విషయమూ ఇలాంటిదే. బాధపడుతున్నారు కదా అని కొత్తగా మత్తు మాత్రలు పంచకూడదు. ఆప్తుల్ని పోగొట్టుకున్న దుఃఖానికిగానీ, మొదటి నెలలో కనిపించే ఒత్తిడి లక్షణాలకుగానీ బెంజోడయాజిపైన్ రకం మత్తు మందులు ఇవ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాల్లోనే చెప్పింది. డాక్టరు రాయని మాత్ర మీ సంచిలోంచి బయటికి రాకూడదు.

7. సమాచారం, వదంతులు

"రెండో కట్ట తెగిందట", "ఈ రాత్రి మళ్లీ కంపిస్తుందట." ఇలాంటి మాట ఒకటి పుట్టిందంటే ఆ రాత్రి శిబిరంలో ఎవరూ పడుకోరు. రోజూ ఒకే వేళకు, ఒకే చోట, తెలిసింది చదివి వినిపించే ఏర్పాటు చేయించండి. బోర్డు మీద రాయించండి, చదవలేనివాళ్లకు మైకులో చెప్పించండి. కొత్త కబురు లేకపోతే "ఇవాళ కొత్త విషయం లేదు, రేపు ఇదే వేళకు చెబుతాం" అని అదైనా చెప్పాలి. ఆ వేళ తప్పకుండా ఉంటే చాలు, జనం వదంతుల వెంట పరుగెత్తడం తగ్గుతుంది.

8. పోయినవాళ్లు, దొరకనివాళ్లు

శవాల వల్ల అంటురోగాలు ప్రబలుతాయన్న భయంతో హడావుడిగా సామూహిక ఖననాలు చేసేస్తుంటారు. 2004 హిందూ మహాసముద్ర సునామీ తర్వాత ఎంతోమందిని గుర్తించకుండానే అలా పాతిపెట్టారు. ప్రకృతి విపత్తుల్లో గాయాలతోనో, మునిగిపోయో చనిపోయినవాళ్ల దేహాల నుంచి మామూలుగా అంటువ్యాధులు రావని ప్రపంచ ఆరోగ్య సంస్థ, రెడ్‌క్రాస్ సంస్థలు 2006 నుంచీ తమ చేతిపుస్తకంలో చెబుతూనే ఉన్నాయి. తొందరపడితే కుటుంబానికి మిగిలేది తెగని ఎదురుచూపు. ప్రతి దేహానికీ నంబరు, ఫోటో, దొరికిన చోటు, ఒంటిమీది గుర్తులు నమోదు చేయాలని బాధ్యులతో గట్టిగా అనండి.

చూడాలా వద్దా అన్నది కుటుంబం ఇష్టం. చూస్తామంటే లోపల ఎలా ఉంటుందో ముందే చెప్పి, ఒకరిని తోడు పంపండి. వద్దంటే బలవంతం లేదు. ఎవరి సంప్రదాయం ప్రకారం వాళ్లు సాగనంపడానికి చోటు, వేళ, అవసరమైన మనిషిని చూసిపెట్టండి. దేహం దొరకని కుటుంబాన్ని "ఇక లేరనుకోండి" అని తొందరపెట్టకండి. ఎప్పుడు ఏ కర్మ చేయాలో వాళ్ల పెద్దలు, వాళ్లే తేల్చుకుంటారు.

9. పిల్లలు

మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవుతుంది. వేలు నోట్లో పెట్టుకుంటారు, అమ్మ కొంగు వదలరు, నీళ్ల ఆటో కూలే ఇళ్ల ఆటో పదేపదే ఆడతారు. తిట్టొద్దని తల్లిదండ్రులకు చెప్పండి, ఇది తగ్గిపోతుందనీ చెప్పండి. అన్నదమ్ముల్ని, అక్కచెల్లెళ్లని విడదీయకండి. తోడులేని బిడ్డను ఎవరో "నేను పెంచుకుంటా" అన్నారని అప్పగించకండి. పేరు, దొరికిన చోటు రాయించి బాలల సంరక్షణ అధికారులకు చెప్పాలి. విపత్తులు పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లకు అదను.

చావు గురించి అడిగితే నిజమే చెప్పాలి, చిన్న మాటల్లో. "నాన్న నిద్రపోయాడు" అంటే ఆ పిల్ల నిద్రకే భయపడుతుంది. "దూరం వెళ్లాడు" అంటే తిరిగొస్తాడని చూస్తుంది. "నాన్న చనిపోయాడు. ఇక రాడు. నీ తప్పేం లేదు. నీతో పిన్ని ఉంటుంది." చివరి రెండు వాక్యాలు మర్చిపోవద్దు, తన అల్లరి వల్లే ఇదంతా జరిగిందని లోలోపల నమ్మే పిల్లలు ఉంటారు.

రోజుకు కొన్ని గంటలు, ఒకే వేళకు, ఒక చెట్టుకిందైనా ఆటలు, పాటలు, చదువు మొదలుపెట్టండి. బడి ఎంత త్వరగా తెరిస్తే అంత మంచిది.

10. ఆలస్యం లేకుండా వైద్యుల దగ్గరికి

అన్నిటికన్నా మరుగున పడేది పాత జబ్బులున్నవాళ్ల మందులు. మూర్ఛ మందు ఉన్నట్టుండి ఆగితే వరసగా ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. స్కిజోఫ్రీనియా, బైపోలార్ లాంటి తీవ్రమైన మానసిక జబ్బులున్నవాళ్ల మందులూ వరదలోనే పోతాయి. బయటికి చెప్పడానికి మొహమాటపడతారు. "రోజూ వేసుకునే మందు ఏదైనా పోయిందా?" అని అందర్నీ మామూలుగా అడగండి.

రోజూ ఎక్కువగా తాగే మనిషికి శిబిరంలో మద్యం దొరకదు. రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, చెమటలు, లేనివి కనిపించడం, ఫిట్స్ మొదలైతే అది భయం కాదు. మానేయడం వల్ల వచ్చిన అత్యవసర పరిస్థితి. వెంటనే ఆసుపత్రికి పంపాలి.

లైంగిక దాడి జరిగిందని ఎవరైనా చెబితే విచారణ చేయకండి, నలుగురికి చెప్పకండి. హెచ్‌ఐవీ నివారణ మందు 72 గంటల్లోపు, గర్భం రాకుండా అత్యవసర మాత్ర 120 గంటల్లోపు పడాలి. రెండూ ఎంత ముందైతే అంత మంచిది. ఈ సంగతి ఆమెకు చెప్పి, ఆమె ఒప్పుకుంటే వెంట వెళ్లండి.

"నేనెందుకు మిగిలాను", "ఇక చాలు" లాంటి మాటలు వినిపిస్తే దాటవేయకండి. సూటిగా అడగండి: "చనిపోవాలని అనిపిస్తోందా?" అలా అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదు, చాలామందికి బరువు దిగుతుంది. అవునంటే ఒంటరిగా వదలకండి. పురుగుమందులు, మాత్రలు, పదునైనవి దగ్గర లేకుండా చూడండి. ఇంట్లోవాళ్లలో నమ్మకమైన ఒకరిని కూర్చోబెట్టి డాక్టరును పిలిపించండి. "ఎవరికీ చెప్పొద్దు" అని మాట తీసుకున్నా, ప్రాణం విషయంలో ఆ మాటకు కట్టుబడనక్కర్లేదు.

11. వారాలు గడిచాక

కెమెరాలు వెళ్లిపోతాయి, సంస్థలు సర్దుకుంటాయి. అసలు కుంగుబాటు చాలామందికి అప్పుడే మొదలవుతుంది, పరిహారం కాగితాల కోసం తిరిగే రోజుల్లో. 2007లో మనస్తత్వ శాస్త్రవేత్త స్టీవాన్ హాబ్‌ఫాల్, ఇతర నిపుణులు కలిసి విపత్తు తర్వాత పనికొచ్చే ఐదింటిని చెప్పారు: భద్రత, మనసుకు నెమ్మది, తమ పని తాము చేసుకోగలమన్న నమ్మకం, తోటివాళ్లతో బంధం, ఆశ. ఏ కార్యక్రమం తలపెట్టినా ఇందులో ఏదానికి పనికొస్తుందో అడగండి. బావి శుభ్రం చేయడానికి ఊరివాళ్లే కమిటీ వేసుకుంటే మూడింటికి పనికొస్తుంది. వేదిక మీద ధైర్య వచనాల ఉపన్యాసానికి ఎందులోనూ చోటు కనిపించదు.

నెల దాటినా నిద్ర, తిండి, పని కుదుటపడనివాళ్లను ఇప్పుడు వెతికి పట్టుకోండి. ప్రాబ్లం మేనేజ్‌మెంట్ ప్లస్ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో తెచ్చిన ఐదు విడతల పద్ధతి ఉంది. డాక్టర్లు కానివాళ్లు కూడా శిక్షణ తీసుకుని, నిపుణుల పర్యవేక్షణలో చేయవచ్చు. శిక్షణ లేకుండా పుస్తకం చూసి మొదలుపెట్టొద్దు. ఇక పై అధికారులతో మాట్లాడే అవకాశం వస్తే ఆచె సంగతి చెప్పండి. సునామీకి ముందు ఇండోనేషియాలోని ఆ రాష్ట్రంలో మానసిక వైద్యమంటే ఒకే ఒక్క ఆసుపత్రి. విపత్తు తర్వాత వచ్చిన సాయంతో ఆ సేవలను ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల దాకా తీసుకెళ్లారు.

12. మీ సంగతి, సెలవు తీసుకోవడం

జంటగా పనిచేయండి, వంతులు వేసుకోండి. రాత్రి ఒకరినొకరు "ఇవాళ ఎలా గడిచింది" అని అడగండి, చెప్పమని లాగకుండా. తిండి మానేసి చేసే సేవను మెచ్చుకునే అలవాటు మన సంఘాల్లో పోవాలి. అలసిన వాలంటీరు మూడో రోజున జనం మీద అరుస్తాడు.

వెళ్లిపోయే తేదీ ముందే చెప్పండి, ముఖ్యంగా పిల్లలకు. చెప్పకుండా మాయమైతే వాళ్ల లెక్కలో మీరూ పోయినవాళ్లలో చేరతారు. రాలేనని తెలిసి "మళ్లీ వస్తాను" అనకండి. మీరు పట్టించుకుంటున్నవాళ్లను మీ తర్వాత వచ్చే మనిషికి స్వయంగా పరిచయం చేయండి. నోట్‌బుక్‌లో మొదటి పేజీ ఆ మనిషికి ఇవ్వండి. ఎవరి సొంత సంగతులైనా రాసిన పేజీలుంటే వాళ్ల అనుమతి ఉన్నవి మాత్రమే అప్పగించి, మిగతావి చింపేయండి.